సైకాలజిస్టుల రిజిస్టర్‌లో మన పేర్లు ఎందుకుండాలి?

(సూరత్‌లోని ఖటోదరాలో తెలుగు విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లింబాయత్, డిండోలీ, ఉధ్నాల నుంచి పగటి షిఫ్ట్ దిగి నేరుగా ఇక్కడికి వచ్చిన అన్నలున్నారు. కాలేజీ పిల్లలున్నారు. యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పే మిత్రులూ ఉన్నారు. సైకాలజిస్ట్ ఎట్లా కావాలి, అయ్యాక చేసే పని ఏమిటి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. కోర్సుల సంగతి, అర్హతల సంగతి చెప్తాను. వాటితో పాటు ఒక ప్రశ్న కూడా మీ ముందు పెడతాను. మనిషి బాధను కాగితం మీద రాసి, దానికి ఒక పేరు పెట్టి, కింద సంతకం చేసే అధికారం ఈ దేశంలో ఎవరికుంది? ఆ సంతకం పక్కన ఒక రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ ఉన్నవాళ్లలో మన వాళ్లు ఎంతమంది? నా మాటలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

నా గురించి రెండు ముక్కలు. మా నాన్న నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సాంచా నడిపాడు. ఊళ్లోని మిత్రులు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, సాంచా అంటే ఇక్కడి మరమగ్గం. పన్నెండు గంటల షిఫ్ట్, మీటర్ల లెక్కన కూలి. మా అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది, దారాలు కత్తిరించేది. సూరత్ కార్పొరేషన్ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ బడులు నడుపుతుంది. నేను అట్లాంటి తెలుగు బడి పిల్లనే. తర్వాత గుజరాతీ, ఆ తర్వాత ఇంగ్లీషు. ఇవాళ క్లినికల్ సైకాలజిస్ట్‌గా పని చేస్తున్నాను. మాలవాడ నుంచి వచ్చిన మనిషిని. ఈ మాట చివర్లో ఎక్కడో కాకుండా మొదట్లోనే చెప్పడం మనకు అలవాటు కావాలి.

ముందు పేర్ల తికమక తీర్చుకుందాం. మన బస్తీలో తెల్లకోటు వేసుకుని మనసు గురించి మాట్లాడే వాళ్లందరినీ "పిచ్చి డాక్టర్" అంటారు. సైకియాట్రిస్ట్ వేరు. ఆయన ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. మనిషి చరిత్ర తీసుకుంటారు, పరీక్షలు చేస్తారు, రోగనిర్ధారణలో పాలుపంచుకుంటారు, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. కౌన్సెలర్ అనే మాటను మాత్రం ఇన్నాళ్లూ ఎవరు పడితే వాళ్లు వాడుకున్నారు. వారాంతపు సర్టిఫికెట్ చేతికి రాగానే బోర్డు కట్టినవాళ్లున్నారు.

అందుకే రిజిస్టర్ అవసరం. 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. 1993 నుంచి అమల్లో ఉంది. ఈ మండలినే అందరూ ఆర్‌సీఐ అంటారు. క్లినికల్ సైకాలజిస్ట్, రిహాబిలిటేషన్ సైకాలజిస్ట్ ఇద్దరూ దీని కిందికే వస్తారు. మండలి నడిపే కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ వృత్తి చేయడం నేరం. ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని చట్టంలో రాసి ఉంది. ఒకసారి పేరు ఎక్కితే జీవితాంతం చెల్లదు. కాలపరిమితి ప్రకారం మళ్లీ పొడిగించుకోవాలి. ఆ మధ్యలో శిక్షణా కార్యక్రమాలకు హాజరై చదువు కొనసాగిస్తున్నామని చూపించాలి. మిగతా సైకాలజిస్టుల కోసం 2021లో ఇంకో చట్టం వచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. ఆర్‌సీఐ కిందికి రాని సైకాలజిస్టులు దాని పరిధిలోకి వస్తారు.

గేటు పెట్టడమే బ్రాహ్మణీయం కదా అని మన మిత్రులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గేటు లేనప్పుడు నష్టపోయేది పేదవాళ్లే. డబ్బున్నవాడికి మంచి డాక్టర్ ఎవరో ఆరా తీసే నెట్‌వర్క్ ఉంటుంది. సాంచా కార్మికుడికి గోడ మీది పోస్టరే దారి. ఆ పోస్టర్ వెనక ఉన్నది చదువుకున్న మనిషో, తాయెత్తులు కట్టేవాడో తెలుసుకోవడానికి అతని చేతిలో ఉన్న ఒకే ఒక సాధనం రిజిస్టర్. కాబట్టి గేటు ఉండాలి. ఆ గేటు దాకా వెళ్లే మెట్లు ఎవరి కాళ్ల కొలతకు కట్టారన్నదే మన పేచీ.

మెట్లు ఇట్లా ఉన్నాయి. ఇన్నేళ్లుగా అందరూ నడిచిన దారి చెప్తాను. సైకాలజీలో డిగ్రీ, తర్వాత సైకాలజీలో ఎంఏ గానీ ఎంఎస్సీ గానీ. దాంట్లో 55 శాతం మార్కులు, ఎస్సీ ఎస్టీ ఓబీసీలకు 50 శాతం. ఆపైన ఆర్‌సీఐ గుర్తించిన సంస్థలో రెండేళ్లు పూర్తికాలం ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీ. ఆ రెండేళ్లూ ఆసుపత్రిలోనే. ఉదయం ఓపీ, మధ్యాహ్నం కేసు చర్చ, సాయంత్రం చికిత్స గంటలు, రాత్రి రిపోర్టులు. పర్యవేక్షించే సీనియర్ ముందు ప్రతి కేసూ పెట్టాలి. ఒక పరిశోధనా వ్యాసం రాయాలి. ఈ చదువుకు మన దేశంలో మూలం బెంగళూరు. ఇవాళ నిమ్‌హాన్స్ అని పిలుస్తున్న సంస్థలో 1955లోనే ఇట్లాంటి కోర్సు మొదలైంది. రాంచీలోని కేంద్ర మానసిక వైద్య సంస్థ, తేజ్‌పూర్‌లోని లోకప్రియ గోపీనాథ్ బోర్దొలోయ్ సంస్థ కూడా కేంద్ర ప్రభుత్వానివే. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం మీద పని చేసే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. రిహాబిలిటేషన్ సైకాలజీ చదవాలనుకునే తెలుగు పిల్లలకు అది దగ్గరి దారి.

ఈ దారి ఇప్పుడు మలుపులో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్. వద్దంది. 2022లో యూజీసీ నిబంధనలు దాన్ని రద్దు చేశాయి. క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపు ఇస్తున్నామని 2024 జనవరిలో యూజీసీ ప్రకటించింది. సై.డి. అనే డాక్టరేట్ ఉంది, ఆర్‌సీఐ కొత్త కోర్సులు రూపొందిస్తోంది. కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు దరఖాస్తు పెట్టే ఏడాది ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థల జాబితాను మీ కళ్లతో మీరే చూడండి. ప్రాస్పెక్టస్‌లో "గుర్తింపు ఉంది" అని రాసినంత మాత్రాన నమ్మకండి. ఏ కోర్సుకు, ఏ సంవత్సరం వరకు గుర్తింపు ఉందో చూడండి. ఫీజు కట్టి, రెండేళ్లు చదివి, చివరకు రిజిస్ట్రేషన్ దొరకకపోతే ఆ నష్టాన్ని తట్టుకునే ఇల్లు మనది కాదు.

ఇక మెట్ల సంగతి.

మొదటిది డబ్బు. కేంద్ర సంస్థల్లో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చాలా ప్రైవేటు సంస్థల్లో ఫీజు లక్షల్లో ఉంటుంది, స్టైపెండ్ ఉండదు. పూర్తికాలం కోర్సు కాబట్టి పక్కన ఉద్యోగం చేసుకునే వీలు లేదు. ఇరవై నాలుగేళ్ల కొడుకు రెండేళ్ల పాటు ఇంటికి రూపాయి పంపకుండా ఉండగలిగే కుటుంబాలు మన బస్తీలో ఎన్ని?

రెండోది దూరవిద్య. షిఫ్ట్ చేసుకుంటూ రాత్రిళ్లు చదివి సైకాలజీలో పీజీ చేసిన మన వాళ్లు నాకు తెలుసు. ఓపెన్ యూనివర్సిటీయే వాళ్లకు యూనివర్సిటీ. 2025 జూలై-ఆగస్టు విద్యా కాలం నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో బోధించకూడదని యూజీసీ నిర్ణయించింది. నాణ్యత కోసం అన్నారు. ఆసుపత్రిలో మనిషి ఎదురుగా కూర్చుని నేర్చుకోవలసిన పనిని పోస్టులో వచ్చిన పుస్తకంతో నేర్చుకోలేమన్నది నిజమే. కానీ దారి మూసేసినప్పుడు పక్కన ఇంకో దారి తెరవాలి కదా. సాయంత్రం కాలేజీలు, ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు, పూర్తిస్థాయి స్టైపెండ్. ఇవి లేకుండా నాణ్యత అంటే అర్థం, పగలు పని చేయనక్కరలేని ఇళ్ల పిల్లలే ఈ వృత్తిలోకి రావాలని. ఇక్కడున్న అధ్యాపకులు దీన్ని మీ డిపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఎత్తాలని నా వినతి.

మూడోది ఈ హాల్లో ఉన్న చాలామందికి తగిలే మెట్టు. మనం తెలంగాణ నుంచో ఆంధ్ర నుంచో వచ్చాం. ఇక్కడే పుట్టాం, ఇక్కడే చదివాం. మన కుల ధ్రువపత్రం ఎక్కడ చెల్లుతుంది? 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు ఇచ్చింది. ఆయనది తెనాలి. ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్న కుటుంబం. తండ్రి ఉద్యోగరీత్యా చిన్నప్పుడే బొంబాయి వెళ్లాడు. అక్కడే చదివి మెడికల్ సీటు అడిగితే, నీ గుర్తింపు ఆంధ్రకే పరిమితం, మహారాష్ట్రలో చెల్లదన్నారు. కోర్టు కూడా అదే సమర్థించింది. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది 1950 ఆగస్టు 10న. ఆనాటికి కుటుంబం ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రంలోనే రిజర్వేషన్. రైలెక్కి వచ్చిన మనతో పాటు మన అంటరానితనం వచ్చింది, మన హక్కు రాలేదు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మీరేవరని అడిగే యజమాని సూరత్ వచ్చాక ఊరుకోలేదు కదా.

అయితే దీన్లో ఒక దారి ఉంది. రాష్ట్ర కోటా దొరకదు గానీ కేంద్ర సంస్థల్లో మీ రిజర్వేషన్ మీదే. నిమ్‌హాన్స్‌లోనైనా, రాంచీలోనైనా అఖిల భారత స్థాయి సీట్లే. సొంత రాష్ట్రంలో తండ్రికి ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా, వలస వచ్చిన చోట అధికారులే పిల్లలకు పత్రం ఇవ్వొచ్చని కేంద్ర ఆదేశాలున్నాయి. ఇది తెలియక జనరల్‌లో పోటీ పడి సీటు పోగొట్టుకున్న పిల్లలు ఎందరో. నాన్న పేరు మీది పాత కాగితం ఊళ్లో ఏ పెట్టెలో ఉందో ఈ వేసవి సెలవుల్లోనే వెతికించండి.

ఇంత కష్టపడి నంబర్ తెచ్చుకుని చేసే పని ఏమిటో చెప్తాను. ఇవి నేను చూసిన రకం కేసులు. ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి, ఒకటి రెండు కలిపి చెప్తున్నాను. వృత్తి ధర్మం అది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా రాసింది.

ఒక పిల్లాడు. తొమ్మిదేళ్లు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ. క్లాసులో వెనకబడ్డాడని, "మందబుద్ధి" అని బడి నుంచి పంపారు. అంతకు ముందు ఎవరో పరీక్ష చేసిన కాగితం చూపించారు. అంకె తక్కువగా ఉంది. మేధస్సు పరీక్షల్లో మాటలతో చేసే భాగాలుంటాయి, చేతులతో చేసే భాగాలుంటాయి. చెక్క ముక్కలను గాడుల్లో అమర్చేవి, బొమ్మలు పూర్తి చేసేవి. పిల్లాడు చేతులతో చేసేవి తన వయసుకు తగ్గట్టే చేశాడు. మాటల దగ్గర ఆగిపోయాడు. నేను తెలుగులో అడిగితే ముందు నవ్వాడు, తర్వాత గబగబా చెప్పాడు. లోపం వాడి బుర్రలో లేదు, ప్రశ్న అడిగిన భాషలో ఉంది. ఆ పాత కాగితం అట్లాగే ఫైల్‌లో ఉండిపోతే వాడి బతుకు ఇంకో దారిలో పోయేది. మేధస్సు పరీక్ష పుట్టింది 1905లో పారిస్‌లో. బడిలో సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి బినే తయారు చేశాడు. కొన్నేళ్లకే అమెరికాలో దాన్ని వలస వచ్చినవాళ్లనూ పేదవాళ్లనూ తక్కువ జాతి అని ముద్ర వేయడానికి వాడారు. సాధనం అదే. చేయి మారితే ఫలితం మారింది.

దీనికి వ్యతిరేక దిక్కున ఇంకో తల్లి. కూతురికి నిజంగానే మేధో వైకల్యం ఉంది. "మా బిడ్డకేం లేదమ్మా, ఎవరో చేతబడి చేసిన్రు" అని మూడేళ్లు తిరిగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే రాయితీలు, చదువులో హక్కులు ఉంటాయి. ఆ తల్లికి తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పి, బోర్డు దగ్గరికి పంపించి, కాగితం చేతికి వచ్చేదాకా నిలబడటం కూడా సైకాలజిస్ట్ పనే. సగం పని కుర్చీలో కూర్చుని వినడమైతే, మిగతా సగం ఇట్లా కాగితాల వెంట తిరగడం.

ఒక అన్న. నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, భార్యను కొడుతున్నాడు. "తాగుతవా అన్నా?" అని అడిగితే "రామ రామ" అన్నాడు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. తాగడమే నేరం. నిజం చెప్తే పోలీసుల దాకా పోతుందేమోనని భయం. వేరే రాష్ట్రంలో చదివి వచ్చిన సైకాలజిస్టు ఈ "లేదు"ను రాసేసుకుని పక్కకు పెడతారు. ఇక్కడి మనిషికి తెలుసు, ఆ "లేదు" వెనక ఏముందో. ఈ గదిలో చెప్పిన మాట ఈ గది దాటదని ముందు హామీ ఇవ్వాలి. అప్పుడు రాత్రి షిఫ్టు సంగతి వస్తుంది, అప్పు సంగతి వస్తుంది. భార్య మాట కూడా విడిగా వినాలి. భర్త కష్టజీవి అయినంత మాత్రాన ఆమె తిన్న దెబ్బలు చిన్నవైపోవు. మన ఉద్యమం ఈ మాట గట్టిగా అనాలి.

భాష సంగతి కూడా ఇక్కడే. మన వాళ్లు డిప్రెషన్ అని చెప్పరు. "మనసు మనసుల లేదు", "గుండెల బరువు", "నరాల వీక్‌నెస్", "ఒళ్లంతా మంటలు" అంటారు. బెంగ వేరు, దిగులు వేరు, గాబరా వేరు. ఇవన్నీ తెలియని మనిషి రాసే కేస్ హిస్టరీలో "శారీరక ఫిర్యాదులు" అనే ఒక్క మాట మిగులుతుంది. 2015-16లో నిమ్‌హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాల్లో. గుజరాత్ ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో ఎక్కువ మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ లెక్కలో తెలుగు రాష్ట్రాలు లేకపోవడం పరిశోధక మిత్రులు ఆలోచించవలసిన విషయం. తెలుగులో, మన బస్తీల మీద ప్రమాణీకరించిన పరీక్షలు తయారు చేయడం మీ పీహెచ్‌డీల పని కాదా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విద్యార్థులు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల. 2019 మేలో ముంబైలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ. 2023 ఫిబ్రవరి 12న ఐఐటీ బొంబాయిలో మన గుజరాత్ బిడ్డ, అహ్మదాబాద్‌కు చెందిన దర్శన్ సోలంకీ. ఈ పేర్లు వచ్చిన ప్రతిసారీ రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి అంటుంది, అది వ్యక్తిగత మానసిక సమస్య, సంస్థకు సంబంధం లేదు. రెండోది అంటుంది, ఇది సంస్థాగత హత్య, డిప్రెషన్ అనే మాట ఎత్తడమే ద్రోహం. మొదటి గొంతు అబద్ధం. రెండో గొంతులో కోపం నాదే, న్యాయం మనదే. అయినా ఒక వృత్తి మనిషిగా దానికి ఒక మాట చేర్చాలి. కులం మనిషిని గాయపరిచినప్పుడు ఆ గాయం నిజంగా గాయమే. నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, బతకాలన్న కోరిక పోతుంది. దానికి చికిత్స ఉంది. న్యాయం వచ్చేదాకా మన పిల్లలు బతికి ఉండాలి కదా. మందు అవసరమైన పిల్లాడికి ఉపన్యాసం ఇచ్చి పంపకూడదు. న్యాయం అవసరమైన పిల్లాడికి మాత్ర ఇచ్చి పంపకూడదు. చాలాసార్లు రెండూ కావాలి. ఆ రెండూ ఒకే గదిలో దొరకాలంటే, ఆ గదిలో కూర్చున్న మనిషికి కులమంటే ఏమిటో తెలిసి ఉండాలి.

బాబాసాహెబ్ సంగతే తీసుకోండి. ఇక్కడి నుంచి రైల్లో రెండు గంటల దూరంలో వడోదర. 1917లో కొలంబియా, లండన్‌లలో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో దిగితే పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితులు కూడా ఇంట్లో చోటివ్వలేకపోయారు. రైలు వేళ దాకా పార్కులో కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఈ సంగతులు ఆయనే 'వీసా కోసం నిరీక్షణ'లో రాసుకున్నారు. ఇప్పుడు కులం అనే ఒక్క మాట తీసేసి ఆ రోజు కేస్ హిస్టరీ రాయండి. ఇరవై ఆరేళ్ల యువకుడు, ఉన్నత విద్యావంతుడు, కొత్త ఉద్యోగంలో ఇమడలేకపోయాడు, ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నాడు, ఉద్యోగం వదిలి వెళ్లిపోతున్నాడు. సర్దుబాటు లోపం. పాఠ్యపుస్తకంలో సరిగ్గా సరిపోతుంది. సరిపోయినా అబద్ధం. సర్దుకోలేనిది బరోడా. మన పిల్లల ఫైళ్లలో ఇవాళ్టికీ ఇట్లాంటి అబద్ధాలు శుభ్రమైన ఇంగ్లీషులో చేరుతున్నాయి.

మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ సేవల్లో వివక్ష ఉండకూడదంటూ కులం అనే మాటను స్పష్టంగా రాసింది. సామాజిక స్థాయిని బట్టి మనిషికి మానసిక రోగి అన్న ముద్ర వేయకూడదని 3వ సెక్షన్ చెప్తుంది. చట్టం కులాన్ని గుర్తించింది. శిక్షణ ఇంకా గుర్తించలేదు. నేను చదివిన రోజుల్లో కేసు పత్రంలో మతం, ఆదాయం, కుటుంబ రకం అన్నిటికీ గడులున్నాయి. కులం ఎట్లా పని చేసిందో రాసే గడి లేదు. నా మౌఖిక పరీక్షలో ఒక పెద్దమనిషి కేసు గురించి కాకుండా నా కేటగిరీ గురించి అడిగాడు. కులం రోగి చరిత్రలో అక్కరలేదు గానీ విద్యార్థి చరిత్రలో మాత్రం కావలసి వచ్చింది.

అమెరికా నల్లజాతి వాళ్ల ఉదాహరణ మనకు పనికొస్తుంది. మేమీ క్లార్క్, కెన్నెత్ క్లార్క్ దంపతులిద్దరూ సైకాలజిస్టులు. నల్ల బొమ్మ, తెల్ల బొమ్మ పిల్లల ముందు పెట్టి, ఏది మంచిది, ఏది నీలా ఉంది అని అడిగారు. వేరు బడుల వివక్ష పసి మనసుల్లో ఎట్లాంటి న్యూనత నాటిందో చూపించారు. 1954లో బ్రౌన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు వేరు బడులను కొట్టేసినప్పుడు కెన్నెత్ క్లార్క్ పరిశోధనను ప్రస్తావించింది. వాళ్ల జాతి బాధను వాళ్ల చదువు సాక్ష్యంగా మార్చింది. అవమానం గురించి మన దగ్గర కవిత్వం ఉంది, ఆత్మకథలు ఉన్నాయి. కోర్టులో, కమిటీలో, మెడికల్ బోర్డులో సంతకంతో నిలబడే నివేదికలు కూడా కావాలి. వాటికి రిజిస్ట్రేషన్ నంబర్ కావాలి.

ఇప్పుడు అవకాశం కూడా పెరిగింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న పదిహేడేళ్ల విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. అణగారిన వర్గాల పిల్లలతో ఎట్లా మెలగాలో సిబ్బందికి నేర్పాలంది. ఆ కుర్చీలు ఎవరితో నిండుతాయి? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ప్రత్యేక బడుల్లో, వ్యసన విముక్తి కేంద్రాల్లో పోస్టులున్నాయి. చాలా వరకు కాంట్రాక్టు పోస్టులే. జీతం మొదట్లో తక్కువ. ఏసీ గదిలో గంటకు వేలు తీసుకునే ప్రాక్టీసు కూడా ఉంది. ఎవరేది ఎంచుకున్నా నేను తప్పు పట్టను. ఆకలి ఎరిగిన ఇంటికి డబ్బు రావడం తప్పు కాదు. వారంలో ఒక పూట బస్తీకి ఇవ్వమని మాత్రం అడుగుతాను.

ఒక హెచ్చరిక కూడా. ఈ పనిలో రోజంతా వినేది మన ఇంటి కథలే. ఎదురుగా ఉన్న మనిషి మా నాన్న లాగా దగ్గుతాడు, మా అమ్మ లాగా వేళ్లు ఒత్తుకుంటాడు. గీత గీసుకోవడం నేర్చుకోకపోతే మనమే కూలిపోతాం. అందుకే సీనియర్ పర్యవేక్షణ అవసరం, మనకు మనం చికిత్స తీసుకోవడానికి సిగ్గుపడకపోవడం అవసరం. మీలో ఎవరికైనా రాత్రిళ్లు బతుకు మీద విసుగు పుడుతుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. తెలుగులోనూ మాట్లాడతారు. ఇక్కడైతే కొత్త సివిల్ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది.

ఇక్కడి నుంచి వెళ్లాక చేయవలసినవి చెప్పి ముగిస్తాను. ఇంటర్ పిల్లలు డిగ్రీలో సైకాలజీ ఉన్న కాలేజీలో చేరండి. డిగ్రీ పిల్లలు కేంద్ర సంస్థల ప్రవేశ పరీక్షల తేదీలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. ఇంగ్లీషు భయపెడితే ఇద్దరు ముగ్గురు కలిసి చదవండి. తెలుగును మాత్రం వదలకండి, ఆసుపత్రిలో రేపు మీకు అన్నం పెట్టేది అదే. అధ్యాపకులు ప్రతి సంవత్సరం ఒక్క పిల్లనో పిల్లాడినో ఈ గేటు దాకా తీసుకెళ్లండి. ఉద్యోగాలున్న అన్నలు నలుగురు కలిసి ఆ ఒక్కరి రెండేళ్ల హాస్టల్ ఖర్చు మోయండి. కులం మనిషి మనసులో కాపురముంటుందని బాబాసాహెబ్ 1936లోనే గుర్తించారు. మనసులో ఉన్నదాన్ని చదివే విద్య మన చేతికి రాకపోతే ఆయన మొదలుపెట్టిన పని సగంలోనే ఆగుతుంది.

ఆ రిజిస్టర్‌లో మన పేర్లు చేరాలి. ఇవాళ ఇక్కడ కూర్చున్న వాళ్లవే కొన్ని ఉండాలి.

జై భీమ్.